పరుగు తర్వాత యూరిన్ రంగు మారితే: ఎడిటర్ గారికి ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కనిగిరిలో ల్యాబ్ టెక్నీషియన్ని. 22 ఏళ్ళ నుంచి ఇదే పని, పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదింటి దాకా రక్తం, యూరిన్, కళ్ళె, ఇయ్యే నా ముందర. నేను డాక్టర్ని కాదు, ఆ మాట ముందే చెప్తన్నా. కానీ ఈ మధ్య నా బల్ల మీదికి పది రోజుల తేడాలో వచ్చిన రెండు యూరిన్ డబ్బాల గురించి నాలుగు మందికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు, అందుకే రాస్తన్నా. కొంచెం పెద్ద ఉత్తరమే, వీలయితే జిల్లా పేజీలో వేయండి, ఎందుకంటే చదవాల్సిన పిలకాయలు చూసేది ఆ పేజీనే.

ఇప్పుడు మన పక్క ఏ ఊరి గ్రౌండు చూసినా తెల్లారుజామున నాలుగున్నరకే నిండిపోతాంది. కానిస్టేబుల్ కి మగపిల్లోళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కి అయితే 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, ఆడపిల్లలయితే 16 కిలోమీటర్లు. అగ్నివీర్ కి పోయేవాళ్ళది ఇంకో లెక్క. డిగ్రీ చేసి, బీటెక్ చేసి కూడా ఈ గ్రౌండ్లకే వస్తన్నారు, ఇంట్లో అప్పులు చేసి కోచింగ్ కి కడతన్నారు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేసేదానికి కాదు ఈ ఉత్తరం. పరిగెత్తొద్దని కూడా నేను చెప్పను, రోజూ పరిగెత్తే మనిషికి షుగరూ బీపీ దూరంగా ఉంటయ్, కిడ్నీలకి అసలు శత్రువులు ఆ రెండే గదా.

మొదటి డబ్బా ఒక ఆడపిల్లది. వాళ్ళమ్మా నాయనా ఇద్దరూ వెంటబెట్టుకోని వచ్చారు, అమ్మ కళ్ళు అప్పటికే ఉబ్బిపోయినయ్. విషయం ఏందంటే ఆ పిల్ల కోచింగ్ లో ఫిట్‌నెస్ టెస్టులు చేయించుకు రమ్మంటే పొద్దున పరుగు అయిపోయినాక అటునుంచి అటే ఇంకో ఊర్లో ల్యాబ్ కి పోయి యూరిన్ ఇచ్చింది. రిపోర్టులో ఆల్బుమిన్, అంటే ప్రోటీన్, రెండు ప్లస్సులు, బ్లడ్ ఒక ప్లస్సు. అక్కడ కౌంటర్ లో ఎవరో ఆ కాయితం చూసి కిడ్నీ దెబ్బ తినడం మొదలైనట్టుంది, మంచి డాక్టర్ కి చూపించండి అన్నారంట. అంతే. ఆ మాట మా కనిగిరి, పామూరు, పీసీపల్లి పక్కన అనగూడదండీ. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి పళ్ళు గారకట్టి, మోకాళ్ళు వంగిపోయిన మనుషులున్న ఊళ్ళు మావి, డయాలసిస్ కి పోయొచ్చే మనిషి వీధికొకరు కనపడతా ఉంటారు, ఇంటిపక్క మనిషి చేతి మీద డయాలసిస్ కోసం పెట్టిన ఫిస్టులా గడ్డ చూస్తా పెరిగిన పిల్లకి నీ కిడ్నీ పోతాంది అంటే ఎట్టా ఉంటది. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగించలేదంట. పిల్లని పరుగు మానిపించారు, నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చోబెట్టారు, సంబంధాల సంగతేందని బంధువులు కూడా మాట్లాడటం మొదలుపెట్టారంట.

నేను ఆ పిల్లని ఒకటే అడిగా, ఏం తల్లీ, ఆ రోజు పరిగెత్తి ఎంతసేపటికి యూరిన్ ఇచ్చినావు అని. అరగంటన్నా కాలేదు అంకుల్ అంది. ఇప్పుడు నాలుగు రోజులు రెస్టులో ఉంది గదా, పొద్దున లేచిన మొదటి యూరిన్ పట్టుకు రమ్మన్నా. రంగు మారే గడులుండే పరీక్ష స్ట్రిప్ ముంచి తీసి డబ్బా అంచుకి ఆనించి నిమిషం సేపు పట్టుకున్నా, వాళ్ళమ్మ నా చెయ్యి తప్ప ఇంకేం చూట్లా. ప్రోటీన్ గడి పసుపుగానే ఉంది, రవ్వంత పచ్చదనం కూడా రాలా. మైక్రోస్కోప్ కింద కూడా ఎర్రకణాలు లేవు. ఆమె అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది. ఒకసారి డాక్టర్ కి చూపించి బీపీ చూపించుకోని, మళ్ళా నెలకి ఇంకోసారి టెస్ట్ చేయించుకోమని చెప్పి పంపించా.

ఇది ఎందుకు జరిగిందో చెప్తా. మనం ఊరికే కూర్చోనున్నప్పుడు గుండె కొట్టే రక్తంలో సుమారు అయిదో వంతు కిడ్నీలకే పోద్ది, నిమిషానికి ఒక లీటరు లెక్క. గట్టిగా పరిగెత్తేటప్పుడు కాళ్ళ కండరాలకి రక్తం కావాల, ఒంట్లో వేడి బయటికి పోవాలంటే చర్మానికీ కావాల, అందుకని ఒళ్ళే కిడ్నీలకి పోయే రక్తనాళాలని బిగించేస్తది. బోరు నీళ్ళు మొత్తం ఒక మడికి తిప్పితే పక్క మడికి సన్నధారే పోయినట్టు, బాగా శ్రమ చేసేటప్పుడు ఆ లీటరు కాస్తా పావులీటరుకి కూడా పడిపోవచ్చు. అప్పుడు వడపోత జల్లెడ కొంచెం సందిస్తది, మామూలుగా ఆగిపోయే ప్రోటీన్ కొద్దిగా జారిపోద్ది. ఎంత దూరం పరిగెత్తినావు అనేదానికంటే ఎంత జోరుగా పరిగెత్తినావు అనేదాన్ని బట్టే ఇది జాస్తి ఉంటది, కాబట్టి 1600 మీటర్లు ఊపిరి బిగబట్టి కొట్టిన పిల్లకి రావడంలో వింతేం లేదు. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోద్ది. కాస్ట్‌లు అని మేము మైక్రోస్కోప్ కింద చూసే గొట్టాల్లాంటివి కూడా ఆటగాళ్ళకి కనపడతయ్, అచ్చం కిడ్నీ జబ్బు మనిషి యూరిన్ లాగే ఉంటది. 1956లోనే అమెరికాలో ఫుట్‌బాల్ ఆడే వాళ్ళల్లో ఇది చూసి, ఇది ఉత్తుత్తి నెఫ్రైటిస్ (ఉత్తుత్తి కిడ్నీ వాపు) అని డాక్టర్లు దానికో పేరు కూడా పెట్టారు.

రక్తం సంగతికి వస్తే దానికి ఇంకా కారణాలున్నయ్. చాలామంది పిలకాయలు పరుగుకి ముందు ఒంటికి పోయి బ్లాడర్ (యూరిన్ సంచి) పూర్తిగా ఖాళీ చేసుకోని దిగుతారు. ఖాళీ బ్లాడర్ గోడలు అడుగడుక్కీ ఒకదానికొకటి కొట్టుకోని లోపల కమిలిపోతయ్. 1977లో బ్లాక్‌లాక్ అనే బ్రిటన్ డాక్టరు ఎక్కువ దూరం పరిగెత్తే వాళ్ళ బ్లాడర్ లోపలికి ట్యూబు వేసి చూసి, ఎదురెదురు గోడల మీద కమిలిన మచ్చలు ఉన్నయ్యని రాశాడు. ఇదీ రెండు మూడు రోజుల్లో తగ్గిపోయేదే. పరుగుకి ముందు రవ్వంత యూరిన్ లోపల ఉంచుకోవడం మంచిదని కొంతమంది డాక్టర్లు చెప్పేది అందుకే. ఇంకొకటి, గట్టి నేల మీద పాదం టపటపా కొట్టుకునేటప్పుడు అరికాలి కింద రక్తకణాలు చితికి అందులో ఉండే హిమోగ్లోబిన్ యూరిన్ లోకి వస్తది. 1881లో ఫ్లైషర్ అనే జర్మన్ డాక్టర్ మార్చింగ్ చేసిన సైనికుడిలో దీన్ని మొదట గుర్తించాడు. మా పిలకాయలు అరిగిపోయిన కాన్వాస్ బూట్లతో సిమెంట్ రోడ్డు మీద నడుస్తా ఉంటే నాకు ఆ సైనికుడే గుర్తొస్తాడు.

ఇదంతా విని అయితే యూరిన్ ఎర్రగా వచ్చినా ఏం కాదులే అనుకుంటారేమో, ఆ తప్పు మాత్రం చేయబాకండి. రెండో డబ్బా గురించి చెప్తా.

అది మా అక్క కొడుకుది. ఫారెస్ట్ పోస్టుకి తయారవుతన్నాడు. ఎండాకాలం ఇంకా పోలేదు, ముందురోజు రవ్వ జ్వరం, అయినా పామూరు రోడ్డు మీద 25 కిలోమీటర్లు నడిచి పది నిమిషాలు లేటయ్యాడంట. నడిచేటప్పుడు నీళ్ళు తాగితే కడుపు బరువుగా ఉంటదని ఒక్క గ్లాసు నీళ్ళతో పోయినాడు, బయల్దేరే ముందు తోటి పిలకాయల మాట విని రెండు నొప్పిబిళ్ళలు వేసుకున్నాడు. లేటయినందుకు శిక్ష కింద మూడొందల గుంజీళ్ళు తీయించారు. ఆ సందేళకి తొడలు రాయిలాగా బిగుసుకుపోయి మెట్లు దిగలేకపోతే ఊర్లో ఒకాయన నొప్పి ఇంజెక్షన్ వేశాడు. తెల్లారి ఫోన్ చేశాడు, మామా, నల్లగా పడతాంది మామా, అమ్మకి చెప్పబాక అని.

వాడు తెచ్చిన డబ్బా నేను వెలుతురుకి పట్టి చూశా. ఎరుపు కాదండీ, బాగా మరిగిపోయిన టీ డికాషన్ రంగు, కూల్ డ్రింక్ రంగు అన్నా సరే. స్ట్రిప్ ముంచీ ముంచకముందే బ్లడ్ గడి ముదురు ఆకుపచ్చకి తిరిగింది, మూడు ప్లస్సులు. గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషన్ లో పెట్టి అయిదు నిమిషాలు తిప్పా. నిజంగా రక్తమే అయితే కణాలు అడుక్కి దిగి ఎర్ర చుక్క లాగా కూర్చుంటయ్, పైన యూరిన్ తేటగా ఉంటది. వీడిది పైనంతా అట్టనే గోధుమరంగు. అడుగున ఉన్నదాన్ని స్లైడు మీద పెట్టి చూస్తే ఎర్రకణాలు ఒకటీ అరా తప్ప లేవు, ఇందాక చెప్పిన కాస్ట్‌లు మాత్రం మట్టిరంగులో గుంపులుగా ఉన్నయ్. స్ట్రిప్ ఏమో రక్తం ఉందంటది, మైక్రోస్కోప్ ఏమో లేదంటది. అప్పుడే నా చేతులు చల్లబడ్డయ్. రక్తం తీసి సీరం (రక్తం గడ్డకట్టినాక పైన తేలే నీరు) చూశా, గులాబీ రంగు ఏం లేదు, మామూలు లేత పసుపే. చితికింది రక్తకణాలయితే సీరం కూడా ఎర్రబారి ఉండేది. అంటే వీడికి కరుగుతాంది కండ.

కండలు మోయలేని పని చేసినప్పుడు వాటి కణాలు పగిలి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తది, దాన్ని బయటికి పంపలేక కిడ్నీ గొట్టాలు పూడిపోతయ్. దాంతోపాటు కండలో ఉండే పొటాషియం కూడా రక్తంలోకి దిగుద్ది, అది ఎక్కువయితే గుండె ఆగిపోవచ్చు, కిడ్నీ కంటే ముందే ప్రాణం పోయే దారి అది. 1941లో లండన్ మీద బాంబులు పడినప్పుడు గోడల కింద నలిగిన మనుషులు పైకి బాగానే కనపడి వారం లోపల యూరిన్ ఆగిపోయి చనిపోతా ఉంటే డాక్టర్లు మొదట గట్టిగా అర్థం చేసుకుంది ఈ జబ్బునే. గోడ మీద పడనక్కర్లా, మూడొందల గుంజీళ్ళు చాలు. అలవాటు లేని ఒంటికి, జ్వరం ఉన్న ఒంటికి, ఎండలో నీళ్ళు లేని ఒంటికి అవి గోడ బరువే.

నేను ఇంకేం చూడలా, వాడి సైకిల్ నా షట్టర్ లోపల పెట్టించి మా అక్కకి ఫోన్ చేసి, కారు మాట్లాడుకోని ఒంగోలు తీసకపోయా. సీకే అని కండ పరీక్ష ఉంటది, మామూలుగా రెండొందల లోపల ఉండాల్సింది, వాడికి నలభై వేలు దాటింది. కిడ్నీ ఎట్టా పనిచేస్తాందో చెప్పే క్రియాటినిన్ పెరిగిపోయి 2.4. రాత్రంతా సెలైన్ ఎక్కిస్తానే ఉన్నారు, గంటగంటకీ యూరిన్ ఎంత వస్తాందో కొలిచారు, ఈసీజీ తీశారు. మూడో రోజుకి రంగు తేలింది, డయాలసిస్ దాకా పోలేదు, అయిదో రోజు ఇంటికొచ్చాడు. డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, ఇంకో రోజు ఆగి ఇంకో నొప్పి ఇంజెక్షన్ పడి ఉంటే కథ వేరేగా ఉండేదయ్యా అన్నాడు.

ఆ నొప్పిబిళ్ళల గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటా ఉండేది. గ్రౌండ్లో పిలకాయలు వీటిని చాక్లెట్లు లాగా పంచుకుంటన్నారు, డైక్లోఫెనాక్ అంట, ఐబుప్రోఫెన్ అంట, పరుగుకి ముందు ఒకటి వేసుకుంటే నొప్పి తెలవదంట. నేను పైన చెప్పిన సన్నధార ఉంది చూడండి, పరిగెత్తేటప్పుడు కిడ్నీకి పోయే ఆ కాస్త రక్తాన్నయినా తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు, ఈ బిళ్ళలు నొప్పి తగ్గించేది ఆ పదార్థాలని ఆపే. అంటే ఉన్న సన్నధారని కూడా మనమే కట్టేసుకుంటన్నాం. 2017లో వచ్చిన ఒక స్టడీలో 80 కిలోమీటర్లు పరిగెత్తే 89 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి ఐబుప్రోఫెన్, ఇంకో గుంపుకి ఉత్త బిళ్ళ ఇచ్చి చూస్తే, మందు వేసుకున్న వాళ్ళల్లో నూటికి 52 మందికి, ఉత్త బిళ్ళ వేసుకున్న వాళ్ళల్లో నూటికి 34 మందికి కిడ్నీ మీద దెబ్బ కనపడింది. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని 90 కిలోమీటర్ల దాకా ఉండే పరుగు ఒకటి జరుగుద్ది, అందులో పరిగెత్తి కిడ్నీలు ఫెయిలయి ఆస్పత్రిలో చేరిన వాళ్ళల్లో నొప్పిబిళ్ళలు వేసుకున్న వాళ్ళున్నారని అక్కడి డాక్టర్లు ఎప్పుడో రాశారు.

బిళ్ళ లేకపోయినా పెద్ద పరుగు కిడ్నీని ఒత్తుద్ది. అమెరికాలో 2015 హార్ట్‌ఫర్డ్ మారథాన్ అయిపోయినాక 22 మంది రన్నర్లని పరీక్ష చేస్తే నూటికి 82 మందిలో కిడ్నీకి మొదటి, రెండో స్థాయి దెబ్బ లెక్కలు కనపడ్డయ్, క్రియాటినిన్ పెరిగింది, కానీ రెండు రోజుల్లో తేరుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అట్టా తేరుకుంటది. తేరుకునే టైము దానికి ఇవ్వాల, అదీ సంగతి. రోజు మార్చి రోజు 25 కిలోమీటర్లు నడిపించి, మధ్యలో గుంజీళ్ళు తీయించి, నిద్ర లేకుండా చేస్తే ఆ టైము ఎక్కడుంది?

నీళ్ళ గురించి కూడా ఒక మాట. నీళ్ళు తాగకపోతే ఎంత ప్రమాదమో, భయంతో బిందెడు తాగినా అంత ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్ లో 488 మంది రక్తం చూస్తే నూటికి 13 మందికి సోడియం, అంటే రక్తంలో ఉప్పు, తక్కువయింది, పరిగెత్తే దారిలో నీళ్ళు ఎక్కువ తాగి బరువు పెరిగిన వాళ్ళే అందులో జాస్తి. తల తిరగడం, వాంతి, మాట తడబడటం, ఫిట్స్ దాకా పోవచ్చు. దాహం వేసినప్పుడు తాగండి, ఉప్పేసిన మజ్జిగ మన ఇంట్లోనే ఉంటది, ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే దాని మీద రాసినంత నీళ్ళల్లోనే కలపండి, సగం ప్యాకెట్ ఒక సీసాలో పోసి సరిపెట్టబాకండి. పరుగయినాక యూరిన్ ముదురు పసుపుగా కొంచెమే రావడం మామూలే, ఒళ్ళు నీళ్ళు దాచుకుంటా ఉంటది, తాగి తిని రెండు మూడు గంటల్లో అది తేటపడాల.

ఇంక నేను అడిగేది. కోచింగ్ సెంటర్లోళ్ళూ, మెడికల్ టెస్టులు పెట్టేవాళ్ళూ, యూరిన్ టెస్ట్ ని పరుగు రోజూ, దాని మర్నాడూ పెట్టబాకండి. పరుగుకి ముందు పెట్టండి, లేదంటే మూడు రోజులు రెస్ట్ ఇచ్చి పెట్టండి. పరుగు తర్వాత ప్లస్సులు వస్తే పిల్లని భయపెట్టకుండా రెండు మూడు రోజులు ఆగి మళ్ళా చేయండి, అప్పుడూ ఉంటే మాత్రం వదలబాకండి, అది నిజం జబ్బు కావచ్చు, కిడ్నీ డాక్టర్ కి పంపించాల్సిందే. ల్యాబ్ లో ఉండే మా వాళ్ళకి కూడా చెప్తన్నా, రిపోర్ట్ చేతికిచ్చే ముందు నిన్న పరిగెత్తావా అని ఒక్క మాట అడగండి, స్ట్రిప్ చూసి ఆపకుండా మైక్రోస్కోప్ కింద కూడా చూడండి, స్ట్రిప్ లో బ్లడ్ మూడు ప్లస్సులుండి కణాలు లేకపోతే ఆ మనిషిని ఇంటికి పంపబాకండి. ఊళ్ళల్లో ఇంజెక్షన్లు వేసే అన్నలకి దణ్ణం పెట్టి చెప్తన్నా, ఒళ్ళునొప్పులని వచ్చిన పిల్లోడిని యూరిన్ రంగు ఏందిరా అని అడిగి అప్పుడు సూది తీయండి. శిక్ష పేరుతో గుంజీళ్ళు తీయించేవాళ్ళని ఏమనాలో నాకు తెలియట్లా, పది నిమిషాలు లేటయితే రేపు ఇంకా ముందు బయల్దేరమని చెప్తే సరిపోయేది గదా.

ఇంట్లో వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. యూరిన్ టీ డికాషన్ రంగులో వచ్చినా, పరుగు తర్వాత ఆరేడు గంటలయినా అసలు రాకపోయినా, కండలు ముట్టుకోనీయనంత నొప్పిగా వాచినా అదే గంటలో ఆస్పత్రి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. నొప్పి తగ్గినాక పోదాం, రేపు పోదాం అనబాకండి. కండ చితికిన లెక్క రక్తంలో రెండో రోజు, మూడో రోజు కూడా పెరుగుతానే ఉంటది.

ఇది గ్రౌండ్లో పిలకాయల సంగతి ఒక్కటే కూడా కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో మిట్టమధ్యాహ్నం రాళ్ళు కొట్టే మనిషి, కందుకూరు పక్క పొగాకు బ్యారన్ల దగ్గర నిప్పు సెగలో పనిచేసే మనిషి, వాళ్ళు రోజూ చేసేది మారథానే, వాళ్ళకి పతకం లేదు, రెస్ట్ లేదు, సందేళకి ఒళ్ళునొప్పులకి అదే బిళ్ళ. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో ఎండలో చెరకు కొట్టే కూలీల్లో షుగరూ బీపీ లేకుండానే వేలమందికి కిడ్నీలు పోయినయ్, రోజూ వేడిలో నీళ్ళు లేకుండా అంత శ్రమ చేయడం దానికి ఒక పెద్ద కారణమని అక్కడ పరిశోధన చేసిన వాళ్ళు చాలామంది అంటన్నారు. కూలీలకి నీళ్ళు, నీడ, గంటగంటకీ రెస్ట్ ఇచ్చిన చోట తేడా కనపడిందని కూడా చెప్తన్నారు. దాని మీద మీ విలేకరి ఎవరన్నా మన జిల్లాలో తిరిగి రాస్తే బావుంటది, నాకు తెలిసిన పేషెంట్లని వాళ్ళు ఒప్పుకుంటే నేను మాట్లాడిస్తా.

మా అక్క కొడుకు రెండు నెలలు ఆగి, క్రియాటినిన్ 0.9కి వచ్చినాక డాక్టర్ గారిని అడిగి మళ్ళా నడక మొదలుపెట్టాడు, మొదటి వారం మూడు కిలోమీటర్లే. నీళ్ళ సీసా నడుముకి కట్టుకోని పోతన్నాడు. ఆ ఆడపిల్ల కూడా మళ్ళా గ్రౌండ్ కి వస్తాందని వాళ్ళమ్మ మొన్న సంతలో కనపడి చెప్పింది. ఈవెంట్స్ (పరుగు, నడక పరీక్షలు) అయ్యేదాకా కనిగిరి చుట్టుపక్కల గ్రౌండ్లల్లో ప్రాక్టీస్ చేసే పిలకాయలు ఎవరయినా సరే, యూరిన్ రంగు చూసి భయమేస్తే నా దగ్గరికి రండి, పొద్దున ఆరింటికే తెరిచి ఉంటా, స్ట్రిప్ కి, మైక్రోస్కోప్ కి డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కనిగిరి, ఆంధ్రప్రదేశ్.